పొత్రం లేని రోలు

సన్యాసిరావు గారి పెద్దకర్మ అయిన మూడో రోజు ఆయన మేనల్లుడు జగన్నాథం మా ఇంటికి వచ్చాడు. ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో బట్టల కొట్టు అతనిది. తెచ్చిన మిఠాయి డబ్బా బల్ల మీద పెట్టి, కుర్చీ అంచున కూర్చుని, మామయ్య పేరున సంస్మరణ సంచిక వేస్తున్నామనీ, అందులో మొదటి వ్యాసం నాదే ఉండాలనీ అన్నాడు.

“ఏటి రాయమంటావు నాయనా?” అన్నాను.

“మీకు నేను సెప్పాలేటండీ? మామయ్యకి కుడిచెయ్యి మీరే కదా. క్వార్టర్ల లైన్లకి కుళాయిలేయించినారు, తెలుగు బడి మూతపడకుండా కాసినారు, సమ్మెలో జైలుకెళ్ళినారు. మంచివి బోల్డున్నాయి.”

“మరి మంచివి కానివి?”

అతను నవ్వాడు. “అవి ఆయన బతికుండగానే పేపరోళ్ళు రాసీసినారు. మనకొద్దండి. అన్ని పార్టీలోళ్ళూ వస్తారు ఆ రోజు.”

అన్ని పార్టీల వాళ్ళూ వస్తారన్నది నిజమే. శవయాత్ర నాడే చూశాను. యాభై ఏళ్ళ రాజకీయంలో రావుగారు నాలుగు పార్టీలు మారారు. మూడు పార్టీల వాళ్ళు మూడు జెండాలు పట్టుకుని సుభాష్‌పల్లిలో ఆయన ఇంటి ముందు నిలబడ్డారు. పైన ఎవరి జెండా ఉండాలన్న దాని మీద అరగంట వాదులాట అయింది. చివరికి మూడూ ఒకదాని మీద ఒకటి కప్పారు. బండి కదులుతుంటే అడుగు జెండా వాళ్ళు తమ అంచు బయటికి కనిపించేలా మాటిమాటికీ లాగుతూ నడిచారు. నాలుగో పార్టీ ఇప్పుడు లేదు, అందుకని రాలేదు. లైన్లలోని ఆడవాళ్ళు మాత్రం నిజంగానే ఏడ్చారు. వాళ్ళను చూసి నాకూ కళ్ళు తడిశాయి. అది దుఃఖమో, అలవాటో ఇప్పటికీ చెప్పలేను.

రాస్తానని జగన్నాథానికి మాటిచ్చాను. మర్నాడు పొద్దున పాత ఫోటోల కోసం నాన్నగారి రేకు పెట్టె తీశాను. ఫోటోలు దొరికాయి. వాటి కింద ఒక అట్ట ఫైలు, అందులో రావుగారి కోసం నేను రాసిన ఉపన్యాసాల కార్బన్ కాపీలు, వాటి మధ్య గుండుసూది తుప్పు మరకతో అరచేయంత చీటీ ఒకటి దొరికాయి. రైల్వే ఆస్పత్రి ఔట్‌డోర్ చీటీ అది. ఫిట్టర్ అప్పలస్వామి, ఎడమచెయ్యి నలిగింది, కట్టు కట్టాము అని రాసి ఉంది. తేదీ, వేళ, ముద్ర. ఇన్నేళ్ళయినా ముద్ర చదవడానికి వీలుగానే ఉంది. నేను దాన్ని చించలేదు, తగలబెట్టలేదు. దాచాను. ఎందుకు దాచానో అప్పుడు నన్ను నేను అడగలేదు.

నేను రాయవలసిన వ్యాసం ఆ చీటీ గురించే అనిపించింది. ఇది సంచికలో పడదు.

ఆ రోజుల్లో మేము రెండు గదుల పాత క్వార్టర్లో ఉండేవాళ్ళం. నాన్నగారు తెలుగు బడిలో మాస్టారుగా పనిచేసి పోయారు. నాకు రైల్వే ఆఫీసులో గుమాస్తా పని దొరికింది గానీ పోస్టింగ్ ఎక్కడో దూరాన ఆద్రాలో. అమ్మ ఒక్కతీ ఖరగ్‌పూర్లో. తెల్లవారేసరికి వరసగా అన్ని వాకిళ్ళలో బొగ్గుల పొయ్యిలు రాజేసేవాళ్ళు. ఆ పొగ, పక్కింటి బెంగాలీ వాళ్ళ ఆవనూనె ఘాటు, మా ఇంట్లో కాగే నువ్వులనూనె వాసన, మూడూ కలిసి సందంతా పరుచుకునేవి. రైల్వే కార్ఖానా సైరన్ మొదటిసారి కూసినప్పుడు మగవాళ్ళు లేచేవారు, రెండోసారికి సైకిళ్ళ మీద ఉండేవారు. అమ్మ గడియారం చూడటం నేనెప్పుడూ చూడలేదు. పప్పు పొయ్యి మీద పెట్టడం, దించడం అన్నీ సైరన్ని బట్టే. ఆదివారం సైరన్ ఉండదు కనక ఆ రోజు పప్పు ఎప్పుడూ మాడేది.

నన్ను ఆద్రా నుంచి ఇంటికి తెచ్చింది రావుగారు. అమ్మ ఒక ఉదయం ఆయన వరండాలో నిలబడి తన సంగతి చెప్పుకుంది. ఆయన అడిగింది ఒకటే మాట, “మాస్టారి భార్యవి కదమ్మా నువ్వు?” అని. నెల తిరిగేసరికి నా బదిలీ కాగితం వచ్చింది. ఆ మర్నాడే వెళ్ళి కాళ్ళకి దండం పెట్టాను. ఆయన నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసి, “మాస్టారి చెయ్యి. రాత బాగుంటాదా?” అన్నారు. బాగుంటుందన్నాను. అలా మొదలైంది.

ఆయన వరండా సంగతి రాయకపోతే ఆయన అర్థం కారు. పొద్దున్నే పెద్ద పళ్ళెంలో మరమరాలు పోసి, ఆవనూనె చుక్క వేసి, దాని మీద ఆవకాయ బద్ద ఒకటి చిదిపి కలిపేవారు. బెంగాలీ ముడీలో మా ఊరి ఆవకాయ. ఆ పళ్ళెంలో ఎవరైనా చెయ్యి పెట్టొచ్చు. గ్యాంగ్‌మన్ పెట్టేవాడు, ఆఫీసరు పెట్టేవాడు. మట్టి ముంతల్లో టీ వచ్చేది. బెంగాలీలకు ఆయన రావుదా, బీహారీలకు రావుజీ, మనవాళ్ళకు రావుగారు. ఎవరు వచ్చినా వాళ్ళ ఊరు, వాళ్ళమ్మ పేరు గుర్తుపెట్టుకుని అడిగేవారు. ఆయన ఫిట్టరుగా చేరినవాడే. సమ్మెలో ఉద్యోగం పోయి, జైలుకు వెళ్ళి, తిరిగి వచ్చినప్పుడు స్టేషన్ నుంచి ఇంటిదాకా ఆయన కాలు నేల మీద పడలేదని చెప్పేవారు. భుజాల మీదే తెచ్చారట. ఆ తరవాత ఏ ఎన్నికకు నిలబడినా గెలిచారు. నేను చేరేనాటికి ఆయన మీద మాటలు కూడా మొదలయ్యాయి. బస్తీలు ఖాళీ చేయించినప్పుడు ముందురోజే ఆయనకు తెలుసని ఒకటి. క్వార్టర్ల జాబితాలో ఆయన చెప్పిన పేర్లే పైకొస్తాయని ఇంకొకటి. ఆ మాటలకు జవాబులు రాసేవాణ్ణి నేను. బాగా రాసేవాణ్ణి. నా జవాబు చదివి, సందేహం ఉన్నవాళ్ళు సిగ్గుపడేవారు. ఇప్పుడు తలుచుకుంటే నాకే సిగ్గేస్తుంది గానీ, ఆ వయసులో అదొక మత్తు. ఆయన గొంతులో నా వాక్యం పలుకుతుంటే వేలమంది చప్పట్లు కొట్టేవారు. జనంలో ఒక మూల నిలబడి నా పెదాలు కూడా కదిపేవాణ్ణి.

ఆయన రెండోసారి పార్టీ మారిన ఏడాది కార్ఖానా గేటు దగ్గర మీటింగ్ పెట్టారు. మారడం ఎందుకు తప్పనిసరి అయిందో నాలుగు పేజీలు రాసిచ్చాను. ఆయన చదవడం అయ్యాక ముందు వరసలోంచి ఒక మనిషి లేచాడు. ఫిట్టర్ అప్పలస్వామి. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. ఎప్పుడూ మీటింగుల్లో మాట్లాడినవాడు కాదు.

“రావుగారూ, చిన్న మాట. పోయినేడు ఇక్కడే నిల్చోని, ఆ పార్టీలోళ్ళు కూలోడి నెత్తురు తాగుతారని సెప్పినారు. సప్పట్లు కొట్టినాం. ఇయ్యాల ఆళ్ళే మనకి దిక్కన్నారు. దానికీ కొట్టినాం. మా సేతులు నెప్పెడతన్నాయండి. మూడోసారి మారేది ఎప్పుడో ముందే సెప్పీసినారంటే, అప్పటిదాకా ఊరుకుంటాం.”

గేటు గేటంతా నవ్వింది. రావుగారు కూడా నవ్వారు. “బాగా అడిగినావు తమ్ముడూ” అన్నారు. ఆ నవ్వు ఆయన మొహం మీద ఉండగానే నేను ఆయన చేతిని చూశాను. నా నాలుగు పేజీలు నలిగి ఉండ అయిపోతున్నాయి.

రెండు వారాల తరవాత అప్పలస్వామికి ఛార్జిషీటు వచ్చింది. ఫలానా రోజు పదకొండు గంటలకు కార్ఖానా షెడ్డులో తన పైవాడైన ఛార్జ్‌మ్యాన్‌ని తోసి పడేశాడని. ఆ ఛార్జ్‌మ్యాన్ రోజూ మరమరాల పళ్ళెం దగ్గర కూర్చునేవాడే. సాక్షులిద్దరూ అంతే.

ఛార్జిషీటు వచ్చిన రైల్వే మనిషి విచారణలో తన తరఫున మాట్లాడడానికి తోటి ఉద్యోగి ఒకరిని తెచ్చుకోవచ్చు. డిఫెన్స్ హెల్పర్ అంటారు. అప్పలస్వామి నన్ను కోరుకున్నాడు. మా నాన్నగారి దగ్గర చదువుకున్నాడు మరి. మా ఇంటికి వచ్చి చాప మీద కూర్చుని, చొక్కా జేబులోంచి ఈ చీటీ తీసి ఇచ్చాడు. చేతికి ఇంకా కట్టు ఉంది.

“మాస్టారి బాబూ, ఆ రోజు పదకొండు గంటలకి నేను ఆస్పత్రిలో ఉన్నాను. సెయ్యి నలిగిపోనాది. ముద్ర సూడండి. ఇది సూపిస్తే సాలదా?”

చాలు. రూల్సు తెలిసినవాణ్ణి, ఆ చీటీ ఒక్కటీ విచారణ అధికారి ముందు పెడితే కేసు ఆ గదిలోనే చచ్చిపోతుందని నాకు తెలుసు. మర్నాడు సంతోషంగా తీసుకెళ్ళి రావుగారికి చూపించాను. నాకు సంతోషం ఎందుకో, ఆయన ఏం చెయ్యాలనుకుంటున్నారో తెలియనట్టు ఎందుకు నటించానో అడగకండి. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చీటీ చదివి, మడిచి, నా జేబులో తానే పెట్టారు.

“నీ దగ్గరే ఉండనీ రామం. తొందరేటుంది. ముందు మాఫీనామా రాయించు. ఆర్నెల్లు కూసుంటాడు, పొగరు తగ్గుతాది. అప్పీల్లో నేనే తీసుకొస్తాను. ఆడి మంచికే. బుఝ్‌లే?”

“అర్థమైందండి” అన్నాను.

మాఫీనామా గురించి మా లైన్లలో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఛార్జిషీటు వస్తే పోరాడకూడదు. పోరాడితే ఏళ్ళు పడుతుంది. నిజమైనా కాకపోయినా ఒప్పుకుని, పిల్లలున్నవాణ్ణి దయచూడమని ఇంగ్లీషులో రాసిన కాగితం మీద సంతకం పెట్టాలి. యూనియన్ నాయకుడు దాన్ని పట్టుకుని లోపలికి వెళ్ళి మాట్లాడతాడు. చిన్న శిక్షతో పోతుంది. వందమందికి అలాగే జరిగింది. అందరూ నమ్మేవారు. లోపలికి వెళ్ళినవాడు మాట్లాడకుండా తిరిగొస్తే ఏమవుతుందని ఎవరూ అనుకోలేదు. ఆ అవసరమే రాలేదు.

అప్పలస్వామి వెంటనే ఒప్పుకోలేదు. “నేను తొయ్యనేదు కదా బాబూ. తోసినానని ఎలగ రాస్తాను?” అన్నాడు. మూడుసార్లు వచ్చాడు. మూడోసారి భార్య పైడమ్మను కూడా తెచ్చాడు. ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడి నా మొహంలోకి చూస్తూ, “మీరేటంటారు బాబూ? మీరు సెప్పినట్టు సేస్తాం” అంది. నేను చెప్పాను. చీటీ నా దగ్గర భద్రంగా ఉందని, అప్పీల్లో వాడతానని, ఆర్నెల్లకి తిరిగి పనిలోకి వస్తాడని చెప్పాను. పేజీన్నర మాఫీనామా రాశాను. అతను తెలుగులో, ఒక్కో అక్షరం విడివిడిగా సంతకం చేశాడు. మా నాన్నగారు దిద్దించిన అక్షరాలు.

ఉద్యోగం తీసేశారు. దయచూపించమన్న కాగితాన్నే నేరం ఒప్పుకున్న కాగితంగా ఫైల్లో పెట్టారు. రావుగారు లోపలికి వెళ్ళారు, మాట్లాడారు. ఏం మాట్లాడారో నాకు తెలియదు. అప్పీలు నేను రాశాను, చీటీ లేకుండా. రావుగారిని రెండుసార్లు గుర్తుచేశాను. మొదటిసారి, “ఎలక్షన్ కానీ” అన్నారు. రెండోసారి, “ఏ అప్పలస్వామి?” అన్నారు. అందరి అమ్మల పేర్లూ గుర్తున్న మనిషి. మూడోసారి నేను అడగలేదు. ఆయన్ని తిట్టుకోవడం తేలిక. ఆ చీటీ నా జేబులో ఉంది, కాళ్ళు నావి, అధికారి గది మా ఆఫీసులోనే, మెట్లెక్కితే రెండో తలుపు. ఆయన నన్ను అడ్డుకోలేదు. బెదిరించలేదు కూడా. నేనే వెళ్ళలేదు. మళ్ళీ ఆద్రా పంపేస్తారేమో అనుకున్నాను. అంతకన్నా, ఆ వరండాలో నా చోటు పోతుందేమో అనుకున్నాను.

వాళ్ళు క్వార్టర్ ఖాళీ చేసిన రోజు మా అమ్మ చూసి వచ్చింది. సామానంతా రిక్షాలో వేశాక పైడమ్మ మళ్ళీ లోపలికెళ్ళి, రుబ్బురోలు పొత్రాన్ని చంకనెత్తుకుని బయటికి వచ్చిందట. రోలు పెరట్లో సిమెంటు పోసి పాతేసి ఉంది, అది ఊడదు. రిక్షాలో చోటు లేక, ఆ పొత్రాన్ని చంకన పెట్టుకునే ఝపటాపూర్ బస్తీ దాకా నడిచి వెళ్ళిందట.

నాలుగు నెలలకి ఆ క్వార్టర్ నాకు వచ్చింది. మూడు గదులు, పెరడు, లోపల కుళాయి. జాబితాలో నా పేరు ఎక్కడో కింద ఉండవలసింది. రావుగారు భుజం తట్టి, “అమ్మకి ఇరుకుగా ఉంటన్నాది కదా” అన్నారు. వద్దనడానికి నోరు రాలేదని రాస్తే అబద్ధం. వద్దనాలని అనిపించలేదు.

చేరిన రోజు అమ్మ ఇల్లంతా తిరిగి పెరట్లో రోలు దగ్గర ఆగింది.

“ఇల్లు మనకెలాగొచ్చిందిరా?”

“సీనియారిటీలో వచ్చిందమ్మా.”

అమ్మ రోలు చుట్టూ పేరుకున్న ఆకులు తీసి, నీళ్ళు పోసి కడిగింది. “అంత బరువు ఎందుకు మోసుకుపోయిందో తెలుసా నీకు? దీన్లో మరొకళ్ళు రుబ్బుకోకూడదని. ఆ ఉసురు రాయిని కూడా పట్టుకునుంటాది” అంది.

కొత్త పొత్రం తెస్తానన్నాను. వద్దంది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పప్పు నానబెట్టిన గిన్నె పట్టుకుని మూడిళ్ళ అవతలికి వెళ్ళి రుబ్బుకొచ్చేది. వర్షంలో కూడా. చట్నీకి కూడా. గిన్నె పట్టుకుని ఆమె గుమ్మం దాటినప్పుడల్లా నేను పేపర్ పైకెత్తుకునేవాణ్ణి. రోలు గుంటలో వాననీళ్ళు నిలిచేవి, పిచ్చికలు తాగేవి. కొన్నాళ్ళకి గ్రైండర్ కొన్నాను. దాన్ని అమ్మ ముట్టలేదు. పోయేదాకా నన్ను ఇంకొక్క మాట అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

రావుగారు మూడోసారి మారారు, నాలుగోసారి పాత పార్టీకే తిరిగొచ్చారు. ఒకసారి అరెస్టయ్యారు, దండలతో బయటికొచ్చారు. ఒకసారి ఓడిపోయారు, ఆ ఓటమిలో కూడా ఆయన వరండాకి జనం తగ్గలేదు. ప్రతి మార్పుకీ కారణాలు నేనే రాశాను. అప్పలస్వామి మీటింగులకి రావడం మానేశాడు. ఝపటాపూర్లో సైకిళ్ళు బాగుచేసేవాడని, చెయ్యి సరిగ్గా ముడవక పని నెమ్మదని విన్నాను. హిజ్లీ కాలేజీ హాస్టళ్ళ కుర్రాళ్ళ సైకిళ్ళు కూడా అతని దగ్గరికి వచ్చేవట. నా సైకిల్ పాడైతే నేను అటు వెళ్ళేవాణ్ణి కాదు, చుట్టు తిరిగి వేరే చోటికి నడిపించుకుపోయేవాణ్ణి. అతను పోయాడని కూడా ఆఫీసులో ఎవరో అంటుంటే తెలిసింది. వెళ్ళలేదు.

చీటీ దొరికిన వారానికి వెళ్ళాను. ఝపటాపూర్లో అడిగితే ఇల్లు చూపించారు. ఒకటే గది, ముందు రేకుల పంచ. పైడమ్మ ముసలిదైపోయింది. కళ్ళద్దాలకి తాడు కట్టుకుంది. నన్ను వెంటనే గుర్తుపట్టింది. “మాస్టారి బాబు కదా” అంది. స్టూలు వేసింది. రావుగారు పోయినారంట కదా అని తనే అంది. అవునన్నాను.

చీటీ తీసి ఇచ్చాను. ఏటిది అంది. చెప్పాను. మొదట్నుంచీ, ఏదీ వదలకుండా, ఆయన అన్నది, నేను చెయ్యనిది, ఇల్లు తీసుకున్నది. దారిలో చాలాసార్లు మనసులో చెప్పుకుంటూ వచ్చాను. అక్కడ చెబుతుంటే చాలా చిన్నగా, నాలుగు మాటల్లో అయిపోయింది.

ఆవిడ చాలాసేపు చీటీని అటూ ఇటూ తిప్పి చూసింది.

“అయితే ఆయన తొయ్యనేదు.”

“తొయ్యలేదమ్మా. మీకు తెలుసు కదా.”

“నాకు తెలుసు బాబూ. ఆయనే మరిసిపోనాడు. ఆఖర్న జొరంలో అడిగీవోడు, నిజంగా తోసీసినానేటే పైడీ, లేకపోతే మాస్టారి బాబు అలగ ఎందుకు రాస్తాడు, నేనెందుకు సంతకం ఎడతాను అని. నేదయ్యా అంటే నమ్మీవోడు కాదు.”

తల తిప్పితే గుమ్మం బయట గోడ వారన పొత్రం కనిపించింది. తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకునే రాయిలా ఉంది. పట్టుకునే చోట నల్లగా, నున్నగా ఉంది. ఎందుకడిగానో, అమ్మ మాట ఇన్నేళ్ళు మోసినందుకేమో, అడిగాను. “ఆ రోజు అంత బరువు ఎందుకు తెచ్చుకున్నారమ్మా? ఆ రోలు ఇంకెవరూ వాడుకోకూడదనా?”

ఆవిడ నిజంగా ఆశ్చర్యపోయింది. “ఛఛ, అదేటి మాట? రాయి మీద నాకు కోపమేటి? ఆర్నెల్లకి తిరిగొచ్చీస్తామని మీరే కదా సెప్పినారు. రోలు పాతేసున్నాది, ఎక్కడికీ పోదు. పొత్రం ఎవులైనా పట్టుకుపోతారని తెచ్చినాను. వచ్చినాక మళ్ళీ ఎతుక్కోవాలి కదాని.”

ఆ క్వార్టర్లు పడగొట్టేశారని, రోలు మట్టిలో కలిసిపోయిందని చెప్పాను. అలాగా అంది. చీటీ మడిచి నా చేతిలో పెట్టింది. “నాకెందుకు బాబూ. ఆయనకి సూపించాల్సింది” అంది. కోపంగా అనలేదు. టీ పెట్టనా అని కూడా అడిగింది. వద్దని లేచాను.

గాలి వీస్తోంది. నేను బయటికి రాగానే వెనక తలుపు దభాలున కొట్టుకుంది. “ఆ రాయి కొంచెం అడ్డం జరిపి ఎల్లండి బాబూ” అంది లోపల్నుంచి. వంగి రెండు చేతులతో పట్టుకుని ఎత్తబోయాను. లేవలేదు. దొర్లించాను, సగం దొర్లి ఆగిపోయింది. ఆవిడ వచ్చి పాదంతో ఒక్క తోపు తోసి, తలుపుకి ఆనించి, లోపలికి వెళ్ళిపోయింది.